రెండోసారి తొక్కితే పట్టే బ్రేకు

బ్రేకు పోవడం వేరు, బ్రేకు మెత్తబడడం వేరు. బ్రేకు పూర్తిగా పోయిన బండిని ఎవరూ బయటికి తీయరు. మెత్తబడిన బ్రేకు అలా కాదు, అది పని చేస్తూనే ఉంటుంది. కాలు పెడితే పెడలు కొంత దూరం పట్టు లేకుండా లోపలికి దిగిపోతుంది, అడుగున ఎక్కడో అందుకుంటుంది, బండి ఆగుతుంది. ఆగింది కదా అంటారు అందరూ. ఊరి రోడ్డు మీద నెమ్మదిగా పోయేటప్పుడు నిజంగానే ఆగుతుంది. అదే పెడలు హైవే మీద ఏం చేస్తుందో 2019 వానాకాలం చివర్లో మాకు తెలిసింది. అప్పుడు బండిలో డయాలసిస్ అయి వస్తున్న మనుషులు ఇద్దరున్నారు. అందులో ఒకరు మా నాన్న.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరి, జీడి, పనస తప్ప మాకు వేరే ఆధారం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. 2013లో పైలీన్‌కు తట్టుకుని నిలిచిన చెట్లు కూడా ఆ రాత్రి నిలవలేదు. తెల్లారి తోటలోకి వెళ్తే, ఏ చెట్టు ఎవరిదో గట్లు చూసి గుర్తుపట్టాల్సి వచ్చింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. నాన్న దగ్గర అన్నేళ్లు లేవని మాకప్పటికే తెలుసు. కిడ్నీలు దెబ్బతింటున్నట్టు చెప్పే క్రియాటినిన్ ఆయన రక్తంలో తుపానుకు ముందే పెరుగుతూ వచ్చింది. తుపాను తరవాత డయాలసిస్ మొదలయింది.

మా ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు కొత్త సంగతి కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏ ఊరికి వెళ్లినా కిడ్నీ జబ్బు లేని వీధి చూపించడం కష్టం. ఎందరో వచ్చారు. నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, రక్తం తీసుకెళ్లారు. కారణం ఇదీ అని ఒక్కటి తేల్చి చెప్పినవాళ్లు ఇంకా లేరు. కారణం తేలకపోయినా జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. ఒకప్పుడు డయాలసిస్ అంటే శ్రీకాకుళం, లేదంటే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి. తరవాత పలాసలో, సోంపేటలో, టెక్కలిలో కేంద్రాలు వచ్చాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచింది 2023 డిసెంబరులో. నేను చెప్పేది దానికి నాలుగేళ్ల ముందు సంగతి. పలాసలో మంచం ఖాళీ లేక నాన్నకు టెక్కలిలో ఇచ్చారు.

డయాలసిస్ చేయించుకునే మనిషికి ప్రయాణం వైద్యంలో భాగం. ఆ మాట బయటివాళ్లకు తొందరగా అర్థం కాదు. ఒకసారి కూర్చుంటే నాలుగు గంటలు. ఒక్క వాయిదా తప్పితే ఒంట్లో నీరు నిలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె మీద పడుతుంది. ఆ పొటాషియం భయంతోనే కొబ్బరి నీళ్లు మానేయమంటారు. పుట్టిన దగ్గర్నుంచీ కొబ్బరి తోటలో బతికిన మనిషికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో డాక్టరు ముఖంలోనే కనిపించింది. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతుంది, కాళ్లు తేలిపోతాయి. బస్సులో నిలబడి రాలేరు. ఆటోలో గతుకులు ఓర్చలేరు. అందుకే అప్పు చేసి పాత కారు కొన్నాం. వెనక సీట్లో చోటు ఉంది కాబట్టి మా వీధి పిన్నినీ ఎక్కించుకునేవాణ్ణి. ఆమెకూ అదే రోజు, అదే పూట.

సముద్రపు గాలి ఇనుమును బతకనివ్వదు. మా ఊళ్లో కిటికీ ఊచలు, సైకిలు గొలుసు, బోరు మోటారు బోల్టులు, అన్నిటికీ ఉప్పు పడుతుంది. కారు కింద భాగానికి మరీనూ. ఆ వానాకాలంలో బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం మొదలుపెట్టింది. ముందు చక్రాల డిస్కుల మీద బ్రేకు ప్యాడ్లను అదిమి పట్టే భాగాన్ని కాలిపర్ అంటారు. అందులో ఒక పిస్టన్ ఉంటుంది. దానికి తుప్పు పట్టి బిగుసుకుపోతే ఒక చక్రం ఎక్కువ పడుతుంది, ఒకటి తక్కువ పడుతుంది. ఒక షెడ్డులో చూపిస్తే రెండు కాలిపర్లూ విప్పి, శుభ్రం చేసి, కొత్త సీళ్లు, కొత్త ప్యాడ్లు వేసి బిగించారు. బండి పక్కకు లాగడం మానేసింది. ఆ రోజు నుంచే పెడలు మెత్తబడింది.

ఆ సాయంత్రమే తిరిగి తీసుకెళ్లాను. బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీశామన్నారు. పెడలు అలాగే ఉంది. మళ్లీ తీసుకెళ్లాను. కొత్త ప్యాడ్లు కదా, డిస్కుకు ఒరుసుకుని కుదురుకునేదాకా అలాగే ఉంటుందన్నారు. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి కొంత దూరం నడవాలన్న మాట నిజమే. కానీ ప్యాడ్లు కుదురుకోకపోతే బ్రేకు పట్టు తక్కువగా ఉంటుంది గానీ, పెడలు అంత లోతుకు దిగదు. నా కాలికి తెలుస్తున్నది పట్టు తక్కువ కావడం కాదు. మొదటిసారి తొక్కితే పెడలు సగం దాటి పోతోంది. వెంటనే రెండోసారి తొక్కితే పైనే అందుకుంటోంది, గట్టిగా ఉంటోంది. ఈ మాట ఎన్ని రకాలుగా చెప్పినా వాళ్లు ఇంజన్ స్టార్టు చేసి, షెడ్డు ముందు పది గజాలు నడిపి, ఆగుతోంది కదా బాబూ అన్నారు. ఈలోగా డయాలసిస్ రోజు రానే వచ్చింది. అద్దెకు ఇంకో బండి కోసం అడిగితే ఆ పూట ఎవరూ దొరకలేదు. ఇంట్లో కూర్చోబెట్టడానికి లేదు. బయల్దేరాం.

వెళ్లేటప్పుడు ఏమీ కాలేదు. తిరిగి వస్తుంటే టెక్కలి దాటాక, బెండిగేటు ఇంకా రాకముందు, సన్నగా తుంపర మొదలయింది. టెక్కలి అంటే నీలి గ్రానైటుకు పేరు. ఆ చుట్టుపక్కల రోడ్ల మీద గది అంత రాతి దిమ్మలు ఎక్కించుకుని లారీలు తిరుగుతుంటాయి. నా ముందు అలాంటి లారీ ఒకటి పోతోంది. వెనక లైట్లు బురద పట్టి ఉన్నాయి. దిమ్మ మాత్రం కనిపిస్తోంది, దాన్ని కట్టిన గొలుసు కూడా కనిపిస్తోంది. నా వేగం 60 ఉంటుందేమో. ముందు ఏం అడ్డం వచ్చిందో, ఆ లారీ ఒక్కసారిగా నెమ్మదించింది.

బ్రేకు మీద కాలు వేశాను. పెడలు లోపలికి పోయింది. బండి వేగం తగ్గినట్టే లేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కాలు పైకెత్తి రెండోసారి తొక్కడానికి ఎంత తొందరపడినా సెకనుకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. అంటే ఆ రెండో తొక్కుకు ముందే నాలుగైదు కార్ల పొడవు నేల వెనక్కి పోయింది. రెండోసారి అందుకుంది. కానీ అప్పటికి గొలుసు కడియాలు విడివిడిగా కనిపించేంత దగ్గరికి వచ్చేశాను. గేరు దించి, స్టీరింగు ఎడమకు తిప్పి, హ్యాండ్ బ్రేకు లాగాను. బండి రోడ్డు దిగి, గట్టు మీద కుదిపి, జీడితోట కంచె దగ్గర ఎర్రమట్టి బురదలో ఆగింది. లారీ డ్రైవరుకు మేం కనిపించి ఉండం. అలాగే వెళ్లిపోయాడు.

కారుకు ఏమీ కాలేదు. వెనక సీట్లో నాన్న చెయ్యి ముందు సీటు అంచుకు తగిలింది. అది ఫిస్టులా ఉన్న చెయ్యి. డయాలసిస్ కోసం ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. మామూలు నరంలో కంటే అందులో రక్తం చాలా వేగంగా, ఒత్తిడిగా పారుతుంది. పైగా మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, దాని ప్రభావం ఇంకా ఒంట్లో ఉంటుంది. సూదులు తీసి గాజుగుడ్డ పెట్టి అంటించిన చోట ఒకటి తెరుచుకుంది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి గాజుగుడ్డ ఎర్రబడింది, రక్తం పంచె మీద పడుతోంది.

నేను తువ్వాలు తీసి చేతికి చుట్టబోయాను. పిన్ని నా చెయ్యి తోసేసింది. "కట్టకు బావు, కట్టకు. గట్టిగా కడితే నరం మూసుకుపోతాది. ఏలుతో నొక్కి పట్టాల" అంది. తనే రెండు వేళ్లు పెట్టింది. తనకూ అప్పుడే డయాలసిస్ అయింది, తనకూ కళ్లు తిరుగుతున్నాయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అయినా ఆ వేళ్లు కదపలేదు. ఆసుపత్రి టెక్నీషియన్‌కు ఫోను చేస్తే ఆయనా అదే చెప్పాడు. సూది గుచ్చిన చోటే నొక్కండి, మధ్య మధ్యలో తీసి చూడకండి, చెయ్యి గుండె కంటే పైకి పెట్టండి, ఆగకపోతే వెంటనే వచ్చేయండి అన్నాడు. తుంపర పడుతూనే ఉంది. నాన్న ఒక్క మాట అనలేదు. రక్తం ఆగాక పిన్ని ఆయన ముంజేతి మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఫిస్టులా బాగుంటే లోపల రక్తం జుమ్మని కదులుతున్నట్టు చేతికి తెలుస్తుంది. "ఉంది, కొడతంది" అంది. అప్పుడు ఏడ్చింది.

ఒక ఆటో ఆపి వాళ్లిద్దరినీ ఊరికి పంపించాను. కారును మొదటి గేరు దాటకుండా, దారి పొడవునా రెండేసిసార్లు తొక్కుకుంటూ తెచ్చి ఇంటి ముందు పెట్టాను. ఆ రాత్రి నిర్ణయించుకున్నాను. పెడలు ఒక్క తొక్కుకు గట్టిగా అందుకునేదాకా దాంట్లో నాన్నను ఎక్కించేది లేదు. తరవాతి వాయిదాలకు దొరికిన ఆటో, దొరికినంత ధరకు మాట్లాడుకున్నాం. డయాలసిస్ రోగులకు ఇచ్చే పదివేల పింఛను అప్పుడు కొత్తగా అందుతోంది. అందులో పెద్ద భాగం ఆటోకే పోయేది.

టెక్కలిలో ఇంకో షెడ్డులో చూపించాను. మాస్టర్ సిలిండర్ పోయిందన్నాడు. పెడలు తొక్కితే ఆయిలును పైపుల్లోకి తోసే ముఖ్యమైన సిలిండర్ అదే. కొత్తది వేయించాను. గాలి తీశారు. పెడలు మెత్తగానే ఉంది. రబ్బరు హోసులు ఉబ్బుతున్నాయేమో అన్నాడు, అవీ మార్చాడు. తేడా లేదు. ఇక కాలి ఒత్తిడిని పెంచే బూస్టర్ పోయి ఉంటుందన్నాడు. అక్కడ ఆపేశాను. భాగం మార్చి చూడడం, తగ్గకపోతే ఇంకోటి మార్చడం, దాన్ని పరీక్ష అనలేం. రోగం ఏదో తేలకుండా మందులు మార్చి మార్చి ఇవ్వడం ఎలా ఉంటుందో ఉద్దానం వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల వీధుల వెనక ఒక పెద్దాయన షెడ్డు ఉంది. జీడిగింజల బస్తాలు దించి వచ్చే లారీలు, వ్యానులు అక్కడ ఆగుతాయి. కార్లు తక్కువ. ఆ రోజు నాన్న కూడా వస్తానన్నాడు. ఇంట్లో కూర్చుని కూర్చుని విసిగిపోయాడు. దగ్గరి బంధువు బండి పలాస వైపు వస్తుంటే అందులో వచ్చాడు. నేను మా కారును మెల్లగా తోలుకొచ్చాను.

మేస్త్రీ బానెట్ ఎత్తలేదు. ముందు నన్ను కూర్చోబెట్టి అడిగాడు. "బండిలో ఏటి మార్చినారో తరవాత సెప్పుదువు. ముందు నీ కాలికి ఏటి తెలస్తందో అది సెప్పు." చెప్పాను. అప్పుడు తను డ్రైవరు సీట్లో కూర్చుని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. చేస్తున్నది నాకు చెప్తూనే చేశాడు. అది ఆయన గొప్పతనం.

ఇంజన్ ఆపి పెడలు చాలాసార్లు తొక్కాడు, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయేదాకా. అప్పుడు పెడలు మీద కాలు అదిమిపెట్టి ఇంజన్ స్టార్టు చేశాడు. పెడలు కొంచెం కిందికి జారి ఆగింది. అలా జారితే బూస్టర్ బాగున్నట్టు. తరవాత పెడలును గట్టిగా తొక్కి పట్టుకుని కూర్చున్నాడు, కదలకుండా. మాస్టర్ సిలిండర్ లోపల సీలు దాటి ఆయిలు పోతున్నా, బయట ఎక్కడైనా కారుతున్నా పెడలు మెల్లమెల్లగా నేలకు దిగిపోతుంది. మా పెడలు దిగలేదు. అంటే మాస్టర్ బాగుంది. కొత్తదే కాబట్టి బాగుండాలి. పాతది కూడా బాగుండే ఉంటుందని ఆయన అన్నప్పుడు నాకు కడుపు మండిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి పెడలు తొక్కి చూశాడు. వెనక డ్రమ్ముల్లో బ్రేకు షూలు దూరంగా ఉంటే, హ్యాండ్ బ్రేకు లాగినప్పుడు పెడలు పైకి అందుకుంటుంది. తేడా రాలేదు. వెనక చక్రాల లోపలి వైపు వేలితో తుడిచి చూశాడు. తడి లేదు.

అప్పుడు హోసు క్లాంపులు తీశాడు. పళ్లు లేని, గుండ్రటి దవడలవి. కటింగ్ ప్లేయరుతో హోసును నొక్కితే లోపల పొర చిట్లుతుంది, అది కొత్త రోగం తెచ్చుకోవడమే అన్నాడు. ముందు ఎడమ చక్రం హోసు బిగించి తొక్కమన్నాడు. పెడలు కొంత పైకొచ్చింది. అది విప్పి కుడిది బిగించాడు. మళ్లీ కొంత పైకొచ్చింది. రెండూ బిగించాక తొక్కితే నా కాలి కింద పెడలు కదల్లేదు. ఇన్నాళ్లూ నాకు దొరకని గట్టితనం అదే. క్లాంపులు వేసిన చోటు నుంచి ఇవతల, అంటే మాస్టర్, పైపులు, వెనక చక్రాలు, అంతా బాగుంది. రోగం ముందు రెండు చక్రాల దగ్గరే ఉంది.

బ్రేకు ఆయిలు ఎంత నొక్కినా కుదించుకుపోదు. అందుకే మన కాలి బలం పైపుల గుండా చక్రం దాకా పోతుంది. గాలి కుదించుకుపోతుంది. ఆయిల్లో గాలి బుడగ ఉంటే మొదటి తొక్కు దాన్ని నొక్కడానికే ఖర్చయిపోతుంది. వెంటనే రెండోసారి తొక్కితే ఇంకొంత ఆయిలు తోడై పెడలు పైన అందుకుంటుంది. గాలి ఉందన్న సంగతి మొదటి షెడ్డు వాళ్లకూ తెలుసు. గాలి తీశామని వాళ్లు చెప్పింది అబద్ధమూ కాదు. మేస్త్రీ కూడా జాకీ వేసి ముందు చక్రాలు విప్పి, గాలి తీయడానికి కాలిపర్‌కు ఉండే నిపిల్‌కు సన్నటి సెలైన్ పైపు తగిలించి, ఇంకో కొసను ఆయిలున్న సీసాలో ముంచి, గాలి తీయడం మొదలుపెట్టాడు. నేను తొక్కి పట్టాలి. ఆయన నిపిల్ వదులు చేసి మళ్లీ బిగించాలి. ఆయన బిగించేదాకా నేను కాలు తీయకూడదు, తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. సెలైన్ పైపులో ఆయిలే వచ్చింది. ఒక్క బుడగ లేదు. మేస్త్రీ ముఖం ముడుచుకుంది.

నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ సెలైన్ పైపునే చూస్తున్నాడు.

డయాలసిస్ మిషన్‌కు పక్కన నిలువుగా ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం బిగించి ఉంటుంది. శుభ్రమైన రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్లే ముందు దాంట్లోంచి దిగుతుంది. ఎక్కడైనా గాలి బుడగ చేరితే అది గొట్టంలో పైన నిలిచిపోతుంది, అడుగు నుంచి రక్తం ఒక్కటే బయటికి పోతుంది. గాలి దాటబోతే మిషన్ కూత పెడుతుంది, పంపు ఆగిపోతుంది, పైపును క్లాంపు పట్టేస్తుంది. రక్తంలోకి గాలి పోతే ప్రాణానికే ముప్పు కదా. నాలుగేసి గంటలు మంచం మీద పడుకుని నాన్న చూసేది ఆ గొట్టాన్నే.

"మేస్త్రీ, గాలి పైకి పోతాది గదా?" అన్నాడు.

"పోతాది అన్నా."

"మరి ఆ నిపిలు కిందకుందేటి?"

మేస్త్రీ సీసా నేల మీద పెట్టాడు. చక్రం దగ్గరికి వంగి చూశాడు. లేచి అటు వైపు చక్రానికి వెళ్లి చూశాడు. రెండు కాలిపర్ల నిపిళ్లూ అడుగు వైపే ఉన్నాయి. నిపిల్ ఎప్పుడూ కాలిపర్‌కు పై భాగంలో ఉండాలి. ఎడమ కాలిపరూ కుడి కాలిపరూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి అద్దంలో చూసినట్టు ఇంకోటి. మా బండికి ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించేశారు. బోల్టులు సరిపోయాయి, హోసులు అందాయి, ప్యాడ్లు కూర్చున్నాయి. నిపిళ్లు మాత్రం కిందికి తిరిగిపోయాయి. కాలిపర్ పై భాగంలో గాలి చేరి కూర్చుంది. అడుగున తూటు తెరిస్తే ఆయిలు ఒక్కటే వస్తుంది, గాలి ఎప్పటికీ రాదు. ఇంకో ఏడాది తీసినా రాదు.

మేస్త్రీ అక్కడితో ఆగలేదు, రుజువు చూశాడు. ఎడమ కాలిపర్ బోల్టులు విప్పి, హోసు ఊడదీయకుండానే కాలిపర్‌ను పైకెత్తి, నిపిల్ ఆకాశం వైపు వచ్చేలా తిప్పి పట్టుకున్నాడు. పిస్టన్ బయటికి తోసుకు రాకుండా ప్యాడ్ల మధ్య చెక్క ముక్క పెట్టాడు. మెల్లగా తొక్కమన్నాడు. నిపిల్ వదులు చేశాడు. సెలైన్ పైపు నిండా బుడగలు వరస కట్టి వచ్చాయి. నాన్న స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆయన అలా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడడం చూసి చాలా కాలమయింది.

ఆ తరవాత పని సాఫీగా నడిచింది. రెండు కాలిపర్లూ విప్పి దేని చోట దాన్ని బిగించాడు. హోసు బోల్టు దగ్గర రాగి వాషర్లు కొత్తవి వేశాడు. పాతవి ఒకసారి నలిగాక మళ్లీ బిగిస్తే ఆయిలు చెమరుస్తుందట. ఎలాగూ ఇంత విప్పాం కదా, పాత ఆయిలు మొత్తం తీసేద్దామన్నాడు. వచ్చిన ఆయిలు నల్లగా ఉంది.

ఈ ఆయిలు గురించి మా తీరం వాళ్లు తెలుసుకోవలసింది ఒకటుంది. బ్రేకు ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిలు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అదే 140కి పడిపోవచ్చు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. బ్రేకులు వేడెక్కినప్పుడు తేమ పట్టిన ఆయిలు మరిగితే పైపులో ఆవిరి పుడుతుంది. ఆవిరి కూడా గాలిలాగే కుదించుకుపోతుంది, పెడలు మళ్లీ మెత్తబడుతుంది. ఆ తేమే లోపలి నుంచి పిస్టన్లకు తుప్పు పట్టిస్తుంది. ఏడాదిలో సగం రోజులు గోడలు చెమ్మగిల్లే ఊళ్లలో ఈ ఆయిలు రెండేళ్లకోసారి మార్చాలి. మూత తెరిచి నెలల తరబడి షెల్ఫు మీద పెట్టిన డబ్బాలోంచి పోయించుకోకూడదు. మేస్త్రీ సీలు ఉన్న డబ్బా తెప్పించి నా ముందే తెరిచాడు. డబ్బాలో మిగిలినది నాకివ్వలేదు, దాచుకోలేదు, పారబోసే డబ్బాలో పోసేశాడు. ఇంజన్ ఆయిలు గానీ కిరోసిన్ గానీ చుక్క కలిసినా సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయని, ఎవరైనా పోశారేమోనని పాత ఆయిలును వేళ్ల మధ్య రుద్ది వాసన కూడా చూశాడు.

మాస్టర్‌కు దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి వరసగా నాలుగు చక్రాలకూ గాలి తీశాడు. బండిని బట్టి ఆ వరస మారుతుందట. మాస్టర్ పైన ఉండే డబ్బాలో ఆయిలు అడుగంటకుండా చూడడం నాన్న పని అన్నాడు. నాన్న డబ్బా పక్కన నిలబడి గీత దగ్గరికి దిగినప్పుడల్లా "పొయ్యాల" అని కేక వేశాడు. అయ్యాక మేస్త్రీ నన్ను కూర్చోమని, ఒక్కసారే తొక్కమన్నాడు. పెడలు పైనే అందుకుంది, గట్టిగా ఉంది. రెండోసారి తొక్కితే మొదటిసారి ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. మూడోసారీ అక్కడే.

అక్కుపల్లి తీరం వైపు ఖాళీగా ఉన్న రోడ్డు మీద మేస్త్రీ తనే నడిపాడు. ముందు 20లో, తరవాత 40లో, ఆ పైన 60లో బ్రేకు వేసి చూశాడు. బండి తిన్నగా ఆగింది. తిరిగి వచ్చి జాకీ వేసి ప్రతి నిపిల్‌నూ, ప్రతి బోల్టునూ మళ్లీ తుడిచి తడి ఉందేమో చూశాడు. కూలి ఆయన అడిగినది చాలా తక్కువ. ఇంకొంచెం తీసుకోమంటే, పనికి ఎంతో అంతే చాలన్నాడు. గాలి సంగతి కనిపెట్టింది అన్న కదా, నాది కాదు అన్నాడు. నాన్న అక్కడ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక ఆ మాట అమ్మకు రెండుసార్లు చెప్పించాడు నాతో.

తరవాతి వాయిదాకు పిన్ని కారెక్కడానికి జంకింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. కారు ఇంటి ముందే ఉంచి, ఆమెనే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పెడలు మీద కాలు పెట్టించాను. జీవితంలో ఎప్పుడూ బండి తోలని మనిషి. తొక్కింది. "రాయిలాగుంది" అని దిగి, వెనక సీట్లోకి వెళ్లి కూర్చుంది. ముందు సీటు వెనక భాగానికి అమ్మ పాత దుప్పటి మడిచి కట్టింది. డ్యాష్ బోర్డులో గాజుగుడ్డ, ప్లాస్టరు, టెక్నీషియన్ నంబరు రాసిన కాగితం పెట్టాను. ఇప్పటికీ ఉన్నాయి. బయల్దేరే ముందు ఇంజన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి పెడలు తొక్కి చూడడం నాన్నే గుర్తు చేస్తాడు.

మొదటి షెడ్డుకు నేను వెళ్లాను. గొడవ పెట్టుకోవడానికి కాదు. మా బండికి అలా బిగించినవాళ్లు అదే రోజుల్లో ఇంకెన్ని బండ్లకు కాలిపర్లు విప్పి ఉంటారో అన్న భయం నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోనులో ఫోటోలు చూపించాను, విప్పకముందువి, సరి చేశాకవి. యజమాని చాలాసేపు చూశాడు. లారీ సంగతి, నాన్న చెయ్యి సంగతి చెప్పాను. ఆయన బిగించిన కుర్రాణ్ణి నా ముందు తిట్టబోతే వద్దన్నాను. ఆ కుర్రాడికి నిపిల్ ఎందుకు పైన ఉండాలో ఎవరూ చెప్పి ఉండరు. చెప్పమన్నాను. ఫోటో చూపించి యజమానే చెప్పాడు. మాస్టర్ సిలిండర్ ఖర్చు నేను అడగలేదు, ఆయన ఇస్తాననీ అనలేదు. కానీ పద్దుల పుస్తకం తీసి, ఆ నెలలో ముందు బ్రేకులు విప్పిన బండ్లు చూశాడు. ఒకటి మందస వైపు నుంచి బడి పిల్లల్ని తీసుకొచ్చే వ్యాను. అప్పటికప్పుడే ఫోను చేసి పిలిపించాడు. పిల్లల్ని దింపేసి చీకటి పడ్డాక వచ్చింది. చక్రాలు విప్పేదాకా నేనూ అక్కడే ఉన్నాను. దాని నిపిళ్లు రెండూ పైకే ఉన్నాయి. అయినా ఆ కుర్రాడే మళ్లీ గాలి తీసి, కొత్త ఆయిలు పోసి పంపించాడు.